లేతా, ముదురా

హేమావతికి జీతం ఇచ్చేదే తప్పులు పట్టినందుకు. బెంగళూరు కంపెనీ తయారు చేసే యాప్‌లు ఎక్కడెక్కడ చెడిపోగలవో ముందే ఊహించి, కావాలని చెడగొట్టి చూసి, "ఇదిగో, ఇక్కడ" అని చూపించడం ఆమె ఉద్యోగం. ధర్మవరంలో సొంత ఇంట్లోనే, మగ్గం గదికి పక్క గదిలో కూర్చుని చేస్తుంది. గోడకు ఇటుపక్క ఆమె కీబోర్డు, అటుపక్క నాయన మగ్గం. మీటింగులో అవతలివాళ్ళు "అక్కడేదో చప్పుడు వస్తోంది" అంటే పక్కింట్లో మేస్త్రీలు పని చేస్తున్నారని చెప్తుంది. మగ్గమని చెప్తే మళ్ళీ చీర ఎంతకిస్తారని అడుగుతారు.

కాబట్టి నాయన కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని అనంతపురం డాక్టరు చెప్పినప్పుడు, ఆమె బుర్ర అలవాటైన పనే చేసింది. ఇందులో ఏమేం చెడిపోగలవు?

నాయన జయరాముడికి కాళ్ళ వాపులు మొదలై చాన్నాళ్ళయింది. గుంతమగ్గంలో పొద్దస్తమానం కాళ్ళు వేలాడేసి కూర్చునేవాడికి కాళ్ళు వాచక ఇంకేం వాస్తాయని ఆయన వాదన. మూత్రంలో నురగ వస్తోందంటే, బాత్రూం కడిగిన సబ్బు అన్నాడు. మొహం కూడా వాచాక నేరం సబ్బు మీదికి తోయడం కుదరలేదు. ఒంట్లో నిలవాల్సిన ప్రోటీను మూత్రంలో పోతోందని పరీక్షల్లో తేలింది. ఎందుకు పోతోందో తెలియాలంటే నడుము వెనక నుంచి సూది పంపి బయాప్సీ చేయాలి.

"ముక్కంటే యెంత ముక్క సార్?" అని అడిగాడు జయరాముడు.

"పెన్సిల్ ముల్లంత లావు, గోరంత పొడుగు. ఎక్కువమందికి ఏమీ కాదు పెద్దాయనా. ఒకరోజు కదలకుండా పడుకోవాల, అంతే."

తిరుగు రైల్లో జయరాముడు ధైర్యంగానే ఉన్నాడు. "ఇంతే గదా మే," అన్నాడు భార్య నాగలక్ష్మమ్మతో. "షావుకారు ఏం చేస్తాడు? పట్టు అసలుదా కాదా తెల్సుకునేకి కొంగులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాలుస్తాడు. ఎంటికలు కాలిన వాసనొస్తే అసలుది. ఇదీ అట్లనే."

"నిన్ను కాలుస్తామని యెవురూ అన్లేదు గానీ గమ్మున కూకో."

ఆయన గమ్మున కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండిన చేన్లు వెనక్కి పోతున్నాయి. కాసేపాగి ఎవరితోనూ కాకుండా అన్నాడు: "లాగరాని చోట లాగితే మాత్రం చీరంతా గీత పడతాది."

ఆ మాట వినగానే హేమావతి ఫోను తీసింది.

ఆ వారమంతా ఆమె చదివింది. బయాప్సీ తరవాత కొంతమందికి మూత్రం ఎర్రగా వస్తుంది, ఒకట్రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. కొంతమందికి కిడ్నీ చుట్టూ నెత్తురు గూడు కడుతుంది, అదీ మెల్లగా కరిగిపోతుంది. నూటికి ఏ ఒకరికో ఇద్దరికో నెత్తురు ఎక్కించాల్సి రావచ్చు. ఇంకా తక్కువమందికి తొడలోంచి సన్నటి గొట్టం పంపి, కారుతున్న రక్తనాళాన్ని లోపల్నుంచే మూయాల్సి వస్తుంది. ఆ తరవాతి పేరా వరకు వచ్చి, పైకి తోసేసి, పిల్లుల వీడియో చూసింది. వేలల్లో ఒకరు అనే మాట మిగతా రోజుల్లో ఎంత చిన్నగా కనిపిస్తుందో. అప్పుడు మాత్రం ఆ ఒకరికి నాయన మొహమే ఉంది.

జాగ్రత్తల్లో మొదటిది: రక్తం పల్చబడే మాత్రలు, నొప్పి మాత్రలు వారం ముందే ఆపాలి. హేమావతి మందుల కవరు మంచం మీద గుమ్మరించి ప్రతి అట్ట పేరూ వెతికి చూసింది. బీపీది, వాపుకు ఇచ్చినది, విటమిన్లు. నొప్పి మాత్ర ఒక్కటీ లేదు. "అమ్మా, సూది పొడిచేదాకా నొప్పి బిళ్ళలు గిళ్ళలు ఏం వేయొద్దు," అని వంటింట్లోకి ఒక కేకేసి, ఆ పని అయిపోయిందనుకుంది. కవరులో లేనిది లోకంలోనే లేదని ఆమె లెక్క.

బయాప్సీ రోజు పొద్దున ఆస్పత్రిలో వాళ్ళకు దొరికిన నర్సు పేరు సువార్త. గార్లదిన్నె ఆమె. నడివయసు, గట్టి గొంతు, జేబులో నాలుగు పెన్నులు. అట్టకు బిగించిన కాగితం చూస్తూ ప్రశ్నలు అడిగింది. అడిగింది హేమావతినే. చదువుకున్న బిడ్డ పక్కన ఉంటే మంచం మీది పెద్దాయన్ని అడిగే అలవాటు ఈ జిల్లాలో ఎవరికీ లేదు.

"షుగరు?"

"లేదు సిస్టర్."

"గుండెకు మాత్రలు? రక్తం పల్చనయ్యేవి?"

"లేవు."

"నొప్పి మాత్రలు?"

జయరాముడు నోరు తెరిచాడు. "అంటే, నడుముకీ..."

"నువ్వుండు నాయనా, నేను చెప్తాండా గదా. లేవు సిస్టర్."

ఆయన నోరు మూసుకున్నాడు. సువార్త పెన్నుతో టిక్కు పెట్టింది. బీపీ కొంచెం ఎక్కువుంటే, భయానికి అందరికీ పెరుగుతుందని ఒక మాత్ర ఇచ్చి, తగ్గేదాకా ఆగి, లోపలికి తీసుకుపోయారు.

హేమావతిని తలుపు దాకా రానిచ్చారు. పొట్ట కింద దుప్పటి మడత పెట్టి ఆయన్ని బోర్లా పడుకోబెడుతున్నారు. సూదికన్నా ఆమెకు ముందు నుంచీ ఉన్న భయం ఇదే. మగ్గం నడుముతో ఆయన బోర్లా పడుకుని ఎన్నేళ్ళయిందో. మధ్యలో నొప్పికి కదిలితే? సూది లోపల ఉన్నప్పుడు కదిలితే? కానీ ఆయన పసిపిల్లాడిలా హాయిగా పడుకున్నాడు.

"నడుము నొస్తాలేదా నాయనా?"

"ఈ పొద్దు యేం లేదు పాపా. దేవుడు చల్లంగా చూసినాడు."

నాగలక్ష్మమ్మ గోడ మీది క్యాలెండరు చూస్తోంది. అందులో చూడాల్సినదేమీ లేదు, ఎప్పటిదో పాత నెల. ఆ సంగతి హేమావతికి తరవాత గుర్తొచ్చింది.

తలుపు మూశారు. లోపల్నుంచి "ఊపిరి బిగబట్టు పెద్దాయనా" అనే మాట వినిపించింది. వెంటనే టక్కుమని ఒక చప్పుడు, ఖాళీ స్టేప్లర్ నొక్కినట్టు. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. ఆ రెండు చప్పుళ్ళ మధ్య హేమావతి కూడా ఊపిరి బిగబట్టే ఉంది. ఆమెనెవరూ అడగలేదు.

బయటికి తెచ్చి వార్డులో పడమటి కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తల ఎత్తకూడదు, పక్కకు తిరగకూడదు, గట్టిగా దగ్గకూడదు. సువార్త లోపలి రంగు కనిపించే ప్లాస్టిక్ సీసాలు కొన్ని తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది.

"పాసుకు పోయినప్పుడల్లా వేరే వేరే సీసాలో పట్టండి. వరసగా ఈడ పెట్టండి. మొదట ఎర్రగా వచ్చినా భయపడాకండి. పోంగ పోంగ లేత అయితాంటే సంతోషం. ముదురుతాంటే నన్ను పిలవాల. అంతే, ఇంగేం లేదు."

మొదటి సీసా నిండింది. నాగలక్ష్మమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, తల వంచి, కన్ను చికిలించి చూసింది. షావుకారు తెచ్చిన పట్టు దారపు కండెను అలాగే చూస్తుంది.

"దానిమ్మ," అంది.

"యాడిదే దానిమ్మ? ఇట్ల చూపీ." తల ఎత్తకూడదు కాబట్టి జయరాముడు కళ్ళు మాత్రం పక్కకు తిప్పాడు. "ఉల్లిపొట్టు రంగు. దానిమ్మలో ఇంత పసుపుండదు."

"నీ కండ్లు ఎప్పుడో పోయినాయి. పోయినసారి గూడా ఇట్లనే దానిమ్మ బార్డరుకు ఉల్లిపొట్టు రంగు పేక పోగు యేసినావు."

"యేస్తే యేమాయ? అమ్ముడుపోలేదా?"

బీపీ చూడడానికి వచ్చిన సువార్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ముదురా, లేతా?"

"అట్ల అడిగితే యెట్ల సిస్టరమ్మా?" అంది నాగలక్ష్మమ్మ. "దేనికన్నా ముదురు?"

"ఇంగో సీసా వస్తే తెలుస్తాదిలే," అని సువార్త నవ్వుకుంటూ పోయింది. అప్పటికి నవ్వడానికి వీలుండేది.

రెండో సీసాలో రంగు ముదిరింది. దానికి ఆ మొగుడూ పెళ్ళాలు పేరు పెట్టలేదు. హేమావతి ఫోటో తీసింది, డాక్టరుకు చూపిద్దామని. ఫోను దాన్ని అందంగా చేసింది. బిర్యానీని, సాయంత్రపు ఆకాశాన్ని చేసినట్టే మెరుగు పెట్టి, ఎవరైనా తాగాలనుకునేలా చూపించింది. ఆమె ఫోను పక్కన పడేసి సీసాలనే చూసింది. రెండోది ముదురే. కొంచెం ముదురు. కొంచెం ముదురు అంటే పిలవాలా?

మధ్యాహ్నం అన్నం బండి వచ్చే వేళకు జయరాముడు అసహనంగా కదలడం మొదలుపెట్టాడు. వెల్లకిలా ఉండి ఉండి నడుము పట్టేసిందన్నాడు. హేమావతి నీళ్ళ బాటిల్ నింపుకుని వచ్చేసరికి, నాగలక్ష్మమ్మ కొంగు ముడి విప్పుతోంది. ముడిలోంచి పాత న్యూస్ పేపరు ముక్కతో కట్టిన బుల్లి పొట్లం బయటికి వచ్చింది.

"యేందిమా అది?"

"యేం లేదు. సెట్టు."

పొట్లంలో నాలుగు మాత్రలున్నాయి. తెల్లవి రెండు, పసుపుది ఒకటి, పచ్చది ఒకటి. ఒక్కదానికీ అట్ట లేదు, పేరు లేదు. వాళ్ళ వీధి చివర మందుల అంగడి ఈశ్వరప్ప విడివిడిగా చింపి, ఇలా కలిపి కడతాడు. నడుము నొప్పికి సెట్టు, మోకాళ్ళకు సెట్టు, జ్వరానికి వేరే సెట్టు. నేసేవాళ్ళ ఇళ్ళలో పొద్దున టీతో పాటు అదీ పోతుంది. హేమావతి పుట్టినప్పటి నుంచి చూస్తోంది. ఎంతగా చూసిందంటే, కనిపించడం మానేసింది.

ఆమె బాటిల్ కింద పెట్టేసింది. "పొద్దున గూడా ఇచ్చినావా?"

"ఇయ్యకుంటే బోర్లా యెట్ల పండుకుంటాడు? సూది పొడిచేటప్పుడు కదిలితే కష్టమని నువ్వే గదా వారం నుంచీ నెత్తీ నోరు కొట్టుకుంటాండావు?"

"నొప్పి బిళ్ళలు ఆపమంటిని గదమా!"

"ఆపినాం గదా! డాక్టరు రాసిచ్చిన బిళ్ళలు అన్నీ ఆపినాం. ఆ కవరు ముట్టుకుంటే ఒట్టు."

హేమావతికి ఒకేసారి రెండు అర్థమయ్యాయి. పొద్దున బీపీ ఎందుకు ఎక్కువుందో ఒకటి. ఆపాల్సినది మానలేదు, మానకూడనిది ఆపేశారన్నది రెండోది. ఇంటి నిండా అన్నీ పరీక్షించింది, ఇంట్లో మనుషుల్ని తప్ప. పొట్లాన్ని తల్లి చేతిలోంచి లాక్కుని వరండాలోకి పోయి మందుల అంగడికి ఫోను చేసింది.

"ఈశ్వరప్పన్నా, నేను జయరాముడి పాప హేమాను. మా నాయనకిచ్చే సెట్టులో యేముంటాయి?"

"యేముంటాయి పాపా, ఉండేవే. ఒకటి నొప్పికి, ఒకటి వాపుకి, ఒకటి గ్యాసుకి, పచ్చది బలానికి."

"పేర్లు చెప్పన్నా."

"పేర్లెందుకు? నీకు గూడా నడుం నొప్పా? దినమంతా కంప్యూటరు ముందర కూకుంటే రాదా మరి. రేపు కట్టిస్తాలే."

"అన్నా, నాయన ఆస్పత్రిలో ఉండాడు. కిడ్నీకి సూది పొడిచినారు. నెత్తురు పోతాండాది. పేర్లు చెప్పు."

ఈశ్వరప్ప గొంతు సగానికి పడిపోయింది. డైక్లోఫెనాక్ ఒకటి. ఆస్పిరిన్ ఒకటి. రొంత స్టీరాయిడు. గ్యాస్ బిళ్ళ.

"నా పేరు చెప్పాకు పాపా. నేనొక్కన్నే ఇస్తాండానా? నేనియ్యకుంటే పక్కంగడికి పోతారు."

ఫోను పెట్టేసి వెతికింది. ఆస్పిరిన్ ఒక్క బిళ్ళ మింగినా, నెత్తురు గడ్డకట్టే గుణం రోజుల తరబడి మందగిస్తుందట. లోపల, ఆ నడుము వెనక, గోరంత గాయం. అది మూసుకోవాలి. మూయాల్సిన నెత్తురుకే మూసే శక్తి లేకుండా చేసి పంపారు. "లేవు సిస్టర్" అని గట్టిగా, చదువుకున్నదానిలా చెప్పింది ఎవరు?

మంచం దగ్గరికి వచ్చేసరికి జయరాముడు ఆమె మొహం చూసి గ్రహించాడు. "సిస్టరమ్మకు చెప్పాకు పాపా."

"యానికి చెప్పాకు? నీకేమన్నా తిక్కనా?"

"తిడతారు. తిట్టనీ. సెట్టు మానమంటారు." ఆయన గొంతు తగ్గించాడు. "సెట్టు లేకుంటే గుంతలోకి దిగలేను. దిగితే లేయలేను. మగ్గం మీద పడుగు సగంలో ఉండాది. డాక్టరు నోటితో వద్దని ఒక్కసారి అంటే మీయమ్మ ఇంగ జన్మలో ఇయ్యదు."

"నిజమే, ఇయ్యను," అంది నాగలక్ష్మమ్మ. ఆమె కళ్ళు రెండో సీసా మీదే ఉన్నాయి.

అప్పుడే సువార్త వచ్చింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. కిటికీ వైపు తల ఊపింది. "యెట్లుంది? ముదురా, లేతా?"

హేమావతి నోట్లో మాట సిద్ధంగా ఉంది. చెప్తే డాక్టరు వస్తాడు, అందరి ముందు అడుగుతాడు, పొద్దున ఎవరు లేదన్నారో అడుగుతాడు. రెండో సీసా కొంచెమే ముదురు. మూడోది లేతగా వస్తే? చెప్పకుండానే సర్దుకుంటే?

"అట్లనే ఉండాది సిస్టర్," అంది.

సువార్త సీసాల వైపు ఒకసారి చూసి, పక్క మంచం ఆవిడ సెలైన్ అయిపోయిందని అరుస్తుంటే అటు పోయింది. హేమావతి కుర్చీలో కూర్చుంది. తన పనిలో ఇలాంటిదాన్ని ఎవరైనా దాచితే ఉద్యోగం పోతుంది. ఇక్కడ ఏం పోతుందో అనుకోవడానికి కూడా మనసు రాలేదు.

మూడో సీసా రాలేదు.

వస్తోందంటాడు, రాదంటాడు. పొత్తికడుపు నొప్పి అన్నాడు. నాగలక్ష్మమ్మ చేయి పెట్టి చూసి, "రాయి మాదిరుంది," అంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, ఫ్యాను నెత్తి మీదే తిరుగుతున్నా. చివరికి పళ్ళు బిగబట్టి, మంచం ఇనుప చువ్వ పట్టుకుని ముక్కితే, సీసాలోకి కొంచెమే పడింది. దాని రంగు గురించి వాదన రాలేదు. అడుగున, వంకాయ రంగులో, మెత్తటి ముద్ద ఒకటి కదిలింది.

"గడ్డ," అంది నాగలక్ష్మమ్మ. సీసా ఆమె చేతిలోంచి జారితే, పడకముందే హేమావతి పట్టుకుంది. వెచ్చగా ఉంది. అంత వెచ్చగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"నాయనా?"

"పానం యెట్లనో ఉంది పాపా," అన్నాడు జయరాముడు. ఆయన పెదాలు తెల్లబడుతున్నాయి. "చీర గీత పడినట్టుంది."

హేమావతి పరిగెత్తింది. చెప్పులు మంచం కిందే ఉండిపోయాయి. సువార్త మందుల ట్రే సర్దుతోంది. హేమావతి సీసా ఆమె ముందు పెట్టి, ఊపిరి ఆడకుండానే అంతా చెప్పేసింది. సెట్టు, ఆస్పిరిన్, పొద్దున టీతో, బీపీ మాత్రలు ఆపడం, రెండో సీసా ముదురని తెలిసీ అట్లనే ఉందనడం. చెప్పేటప్పుడు ఈశ్వరప్ప పేరు కూడా వచ్చేసింది.

సువార్త అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఇప్పుడేమన్నా వేసుకున్నాడా?" అని మాత్రం అడిగింది.

"లేదు. నేను లాక్కున్నా." పొట్లం ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. చెమటకు కాగితం తడిసి, మాత్రల రంగు అరచేతికి అంటింది.

"ఇయ్యి ఇట్ల. ఈ మాట ఇంతసేపు యాడ పెట్టుకున్నావు తల్లీ?" అంటూనే ఆమె ఫోను అందుకుంది.

తరవాత అంతా ఒకదాని మీద ఒకటి జరిగింది. డాక్టరు వచ్చాడు. స్కానింగు మిషను చక్రాల మీద వచ్చింది. కిడ్నీ పక్కన నెత్తురు గూడు కట్టింది, మరీ పెద్దది కాదు. మూత్రం సంచిలో గడ్డలు అడ్డం పడ్డాయి. పైపు వేసి, నీళ్ళు ఎక్కించి కడగాలి. నెత్తురు పరీక్షకు తీసుకున్నారు, ఎక్కించడానికి రెండు బ్యాగులు సిద్ధం పెట్టమన్నారు. ఆగకపోతే బెంగళూరు, రక్తనాళం మూసేది అక్కడే. అంబులెన్సు గేటు దగ్గర ఉండాలని ఎవరో ఎవరికో చెప్పారు. ఫోనులో పైకి తోసేసిన పేరా ఇప్పుడు తెల్లకోట్లు వేసుకుని మంచం చుట్టూ నిలబడింది.

డాక్టరు హేమావతి వైపు తిరిగాడు. "పొద్దున అడిగినాం గదమ్మా?"

"నేనే లేదన్నా సార్. ఆయన చెప్పబోతే నేనే ఆపినా."

డాక్టరు ఇంకేమీ అనకుండా మంచం మీదికి వంగాడు. మొదటిసారి, ఆయన్నే అడిగాడు. "రోజూ వేసుకుంటావా పెద్దాయనా?"

జయరాముడు భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "రోజూ సార్. పని ఎక్కువుంటే రెండు పూటలా."

"ఎప్పట్నుంచి?"

"మా పాప ఇంజనీరింగులో చేరినప్పట్నుంచి. అప్పుడు రెండు మగ్గాలు నేస్తాంటి."

హేమావతి కిటికీ గట్టు పట్టుకుంది. లెక్కలు ఆమెకు బాగా వచ్చు. ఆ లెక్క మాత్రం వేయలేదు.

డాక్టరు సువార్త చేతిలోని పొట్లం విప్పి చూశాడు. "కిడ్నీ యెందుకు చెడిందో తెల్సుకునేకి ముక్క తీస్తిమి," అన్నాడు నాగలక్ష్మమ్మతో. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. "రిపోర్టు రానీ. సగం జవాబు మాత్రం నీ కొంగు ముడిలోనే ఉన్నట్టుందమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదే కొంగు.

పైపు వేసేటప్పుడు ఆయన అరిచిన అరుపు వార్డు చివరిదాకా వినిపించింది. తరవాత కడుపు మెత్తబడింది, ఊపిరి కుదుటపడింది. పైపులో మాత్రం ఎరుపు ఆగలేదు. సువార్త అప్పుడప్పుడు వచ్చి పైపులోంచి కొంచెం సీసాలోకి పట్టి, వరసలో పెట్టి పోతోంది. నాలుగోది. ఐదోది. నాగలక్ష్మమ్మ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో తెలియదు. సువార్త పెదాలు కూడా కదలడం హేమావతి చూసింది. సాయం ఏ దేవుడి వైపు నుంచి వచ్చినా సరే అనుకుంది.

పొద్దు వాలింది. ఎండ పడమటి కిటికీలోంచి నేరుగా సీసాల మీద పడింది. అన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. మొదటి సీసా కూడా ఎర్రగా వెలిగింది. గోడ ఎర్రబడింది, దుప్పటి ఎర్రబడింది, జయరాముడి మొహం కూడా.

"సిస్టర్! ముదురుతాండాది! అన్నీ..." అని కేకేసింది హేమావతి.

సువార్త వచ్చి చూసి, కిటికీ రెక్క మూయబోయింది. గొళ్ళెం పట్టలేదు, గాలికి రెక్క మళ్ళీ తెరుచుకుంది. "ఎండమ్మా అది. ఇప్పుడేం చూడాకండి. పొద్దు పోనీ."

పొద్దు పోయేదాకా కూర్చోవడం హేమావతి జీవితంలో చేసిన పనులన్నిటికన్నా పెద్దది. ఎదురుగా ఉన్నది నెత్తురో, ఎండో తెలియలేదు. మంచం కింద చెప్పులున్నాయని తెలుసు, వేసుకోవాలనిపించలేదు. మళ్ళీ పరిగెత్తాల్సి వస్తుందేమోనని కాళ్ళు నేల మీదే ఆనించి ఉంచింది. నాయన చేయి పట్టుకుంది. మగ్గం మీద పోగు చుట్టిన నాడె అటూ ఇటూ విసిరి విసిరి కాయ కట్టిన వేళ్ళు, చల్లగా ఉన్నాయి. చల్లగా ఉండడం మంచిదో కాదో ఆమె చదివినదాంట్లో ఎక్కడా లేదు.

"నువ్వు భయపడాకు పాపా," అన్నాడు.

"నేనేం భయపడలేదు."

"చేయి నలిగిపోతాంది, రొంత వదులు."

గోడ మీది ఎరుపు మెల్లగా పైకి పాకి, కప్పు అంచు దాకా పోయి, ఆరిపోయింది. ఎవరో ట్యూబులైటు వేశారు. అది రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. సువార్త వచ్చి పైపులోంచి ఇంకో సీసా పట్టి, ఐదోదాని పక్కన పెట్టింది. నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ శాతం కొంచెమే తగ్గిందట, ఇంకోసారి చూడాలట. బీపీ నిలబడిందట. ఆమె పెన్ను తీసింది.

"ముదురా, లేతా?"

నాగలక్ష్మమ్మ కూతురి వైపు చూసింది. హేమావతికి కనిపిస్తున్నది చెప్పాలనిపించింది. కనిపిస్తున్నది నిజంగా ఉందా, తను కావాలనుకుంటున్నది కనిపిస్తోందా? పొద్దున కూడా ఇంతే ధైర్యంగా చెప్పింది.

చివరి రెండు సీసాలూ తీసుకుంది. మంచం పక్క మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన తల ఎత్తకుండా చూడగలిగేలా, లైటు కింద పక్కపక్కన పట్టింది. ఆమె చేతులు వణుకుతుంటే సీసాల్లో నీళ్ళూ వణికాయి.

"నువ్వు చెప్పు నాయనా."

జయరాముడు చూశాడు. కళ్ళు ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి, మళ్ళీ వెనక్కి పోయాయి.

"లేత," అన్నాడు.

"నా కోసం చెప్పాకు. నిజం చెప్పు. మళ్ళా చూడు."

"చూస్తాండా గదా. చేతులు కదిలిస్తే యెట్ల కనపడతాది?"

నాగలక్ష్మమ్మ వచ్చి, వెనక నుంచి కూతురి మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది. సీసాలు నిలిచాయి. సువార్త పెన్ను కాగితానికి ఆనించి ఆగింది. ముగ్గురు ఆడవాళ్ళూ ఆయన మొహమే చూస్తుంటే, జయరాముడు మళ్ళీ చూడడం మొదలుపెట్టాడు. ఈసారి తొందరపడలేదు.